ఎల్లోస్టోన్‌లో జంతువుల కోసం: లామర్ లోయా, హేడెన్ లోయా?

అమెరికాలోని ఈ నేషనల్ పార్కులో గైడుతో తిరిగేది ఒక్క రోజే అయితే రెండు లోయలూ చుట్టేయాలని చూడకండి. జంతువులు బాగా కనబడేది తెల్లవారిన రెండు మూడు గంటల్లో, మళ్ళీ పొద్దుగూకే ముందు. ఆ సమయం ప్రయాణానికే పోతే చేసేదేమీ ఉండదు.

తోడేలే చూడాలనుకుంటే లామర్‌కే వెళ్ళాలి. 1995లో కెనడా నుంచి తెచ్చిన తోడేళ్ళను మొదట వదిలింది ఈ లోయ పరిసరాల్లోనే. చెట్లు తక్కువ, గడ్డిమైదానం ఎక్కువ కాబట్టి చూపు దూరం సాగుతుంది. చిక్కల్లా ఆ దూరంతోనే. తోడేళ్ళ గుంపు తరచు కిలోమీటరు అవతల ఉంటుంది. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే 8x42 బైనాక్యులర్‌లో చుక్కలే కనిపిస్తాయి. 20 నుంచి 60 రెట్లు పెద్దదిగా చూపే స్పాటింగ్ స్కోప్ (స్టాండు మీద పెట్టి ఒంటి కంటితో చూసే దుర్భిణి, 20-60x) ఉండాల్సిందే. అందుకే బుక్ చేసేముందు ఎంతమందికి ఒక స్కోప్ ఇస్తారో అడగండి. నలుగురికి ఒకటైతే సరే, పదిమందికి ఒకటైతే మీ వంతు వచ్చేసరికి తోడేలు గట్టు దాటిపోతుంది.

స్కోప్‌ను ముందు 20xలో పెట్టి జంతువును దొరకబుచ్చుకుని, ఆ తర్వాతే పెంచాలి. కళ్ళద్దాలున్నవాళ్ళు రబ్బరు కప్పును లోపలికి తిప్పేయాలి, లేకుంటే బొమ్మ అంచులు కనబడవు. కన్ను మరీ ఆనించినా నల్లటి నీడ కమ్మేస్తుంది. ఎండెక్కాక నేలమీది గాలి అలలాడి 60xలో అంతా చెదిరిపోతుంది. అప్పుడు 30కి దించితేనే నయం.

హేడెన్‌లో ఇంత శ్రమ లేదు. రోడ్డు ఎల్లోస్టోన్ నది పక్కనే సాగుతుంది. బైసన్ (అడవిదున్నలాంటి పశువు) మందలు రోడ్డు మీదికే వస్తాయి, నదికి అవతలి ఒడ్డున గ్రిజ్లీ ఎలుగు కనబడే అవకాశమూ ఉంది. జూలై చివరి నుంచి ఆగస్టు సగం దాకా బైసన్ల జతకట్టే కాలం. పోతులు రంకెలేస్తూ దుమ్ములో పొర్లడం బండిలో కూర్చునే చూడొచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, చిన్నపిల్లలు వెంట ఉంటే మా ఓటు దీనికే. లోపమల్లా ట్రాఫిక్: మంద రోడ్డెక్కితే బండ్లు చాలాసేపు కదలవు.

బస కూడా లెక్కలోకి తీసుకోవాలి. పార్కు ఉత్తర ద్వారం దగ్గరి ఊరు గార్డినర్ నుంచి లామర్‌కు గంట పైచిలుకు. పడమటి ద్వారం దగ్గరి ఊరు వెస్ట్ ఎల్లోస్టోన్ నుంచైతే రెండు గంటలు దాటుతుంది. జూన్‌లో అయిదున్నరకల్లా సూర్యోదయం కాబట్టి అక్కడ దిగినవాళ్ళు మూడింటికే బయల్దేరాలి. వాళ్ళకు హేడెన్ దగ్గర. ఇక చలికాలమైతే లామర్ దారి ఒక్కటే సొంత కార్లకు తెరిచి ఉంటుంది. తెల్లటి మంచు మీద తోడేళ్ళు ఇట్టే కంటబడతాయి కూడా.

ఎక్కడైనా తోడేళ్ళకు, ఎలుగులకు కనీసం 91 మీటర్లు, బైసన్లకు, పెద్ద జింకలైన ఎల్క్‌లకు 23 మీటర్లు దూరంగా ఉండాలన్నది పార్కు నియమం. బైసన్ తోక పైకి లేపిందంటే ఫోన్ దించి వెనక్కి జరగండి. అది గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. ఎలుగు మీదికొస్తే కొట్టే కారపు బేర్ స్ప్రేను విమానంలో ఏ సంచిలోనూ అనుమతించరు, పార్కు దగ్గరే కొనండి లేదా అద్దెకు తీసుకోండి. జూలైలో కూడా తెల్లవారుజామున వణికించే చలి ఉంటుంది. స్వెట్టరు, టోపీ, చేతితొడుగులు పెట్టెలో కాకుండా బండిలో చేతికందేలా ఉంచుకోండి.