ఫ్లాపీ కెమెరానా, కార్డు కెమెరానా?

తిరుపతిలో మా బీరువా పై అరలో రెండు పాత డిజిటల్ కెమెరాలు ఉన్నాయి: 1997 నాటి సోనీ మావికా ఎఫ్‌డీ7, 1999 నాటి నికాన్ కూల్‌పిక్స్ 950. చంద్రగిరి కోటకు ఏది తీసుకెళ్లాలన్నది ఇప్పటికీ తేలని తగవు.

మావికా ఫొటోలను 1.44 మెగాబైట్ల ఫ్లాపీ (పాతకాలపు చదరపు డిస్కు) మీదే రాస్తుంది. తీగ అక్కర్లేదు, ఫ్లాపీ తీసి ఫ్లాపీ డ్రైవు ఉన్న కంప్యూటర్‌లో పెడితే చాలు. 10 రెట్ల జూమ్ ఉంది కనుక కోటలోని రాజమహల్ శిఖరాలు దగ్గరగా కనిపిస్తాయి. కానీ ఫొటో 640×480 చుక్కలే (పిక్సెళ్లే). ప్రతి ఫొటో తర్వాత ఫ్లాపీ కరకరలాడుతుంటే ఆగాలి. ఈలోగా కోతి గోడ దిగి వెళ్లిపోతుంది. చదవనని మొరాయిస్తే ముందు మరో ఫ్లాపీ పెట్టి చూడండి. బూజు పట్టిన ఫ్లాపీకి కెమెరాను తిట్టడం అన్యాయం.

కూల్‌పిక్స్‌ది 1600×1200, చుక్కల లెక్కలో ఆరు రెట్లకు పైనే. జూమ్ మూడు రెట్లే. ఇది ఫొటోలు దాచే కాంపాక్ట్‌ఫ్లాష్ మెమరీ కార్డు చప్పుడు చేయదు. దీని జబ్బల్లా ఆకలి. నాలుగు పెన్సిల్ సెల్లు కావాలి, ఆల్కలైన్‌వి వేస్తే త్వరగా ఆరిపోతుంది. అవే సెల్లు తర్వాత గోడ గడియారాన్ని హాయిగా నడుపుతాయి! అవి పూర్తిగా అయిపోలేదు. కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వాటి వోల్టేజీ పడిపోతుంది, అంతే. రీచార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు 1.2 వోల్టులవే అయినా ఆ బరువు మోస్తాయి.

నా ఓటు కూల్‌పిక్స్‌కే, అదీ సంచిలో ఛార్జి చేసిన సెల్లు మరో నాలుగు ఉంటేనే. మా నాన్నగారు మాత్రం మావికానే మెడలో వేసుకుంటారు.