పంజరమా, ఊకనేలా, పెరడా? కోడి వైపు నుంచి ఒక లెక్క

పద్దెనిమిది అంగుళాల వెడల్పు, పదిహేను అంగుళాల లోతు. గుడ్ల కోళ్ళని పెంచే లేయర్ ఫారాల్లో తరచుగా కనిపించే పంజరం గది కొలత ఇది. అందులో నాలుగు కోళ్ళు వేస్తే తలకి 435 చదరపు సెంటీమీటర్ల చోటు వస్తుంది. ఏ4 కాగితం 623 ఉంటుంది. కోడి ఒక రెక్క చాచడానికి దాదాపు 900 కావాలి, రెండు రెక్కలూ టపటపా కొట్టుకోవడానికి 1,800 దాటాలి. గుడ్ల కోళ్ళ కోసం 2023లో కేంద్రం తెచ్చిన నియమాలు తలకి కనీసం 550 ఉండాలన్నాయి, పాత ఫారాలకి 2030 దాకా గడువిచ్చాయి. చోటు లెక్క ఒక్కటే చూసుకుంటే ఆ గదిలోంచి నాలుగో కోడిని తీసేస్తే సరి, మిగిలిన మూడింటికీ 580 చొప్పున వస్తుంది. రెక్క చాచడం మాత్రం అప్పుడూ కుదరదు.

జంతువులకి హక్కులుండాలా వద్దా అనే వాదన సాధారణంగా ఏనుగు దగ్గరో ఎద్దు దగ్గరో మొదలవుతుంది. కోడి దగ్గర మొదలుపెడితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే రోజూ తినేది దాని గుడ్డే. సంక్షేమం కోరేవాళ్ళు, "వాడుకోండి, కానీ బాధ తగ్గించండి" అంటారు. హక్కులు కోరేవాళ్ళు, "వాడుకోవడానికి అది మీ సొత్తెలా అయింది?" అని అడుగుతారు. 1970లలో తత్వవేత్త పీటర్ సింగర్ బాధని లెక్కలోకి తెచ్చాడు: నొప్పి ఎవరిదైనా నొప్పే, త్రాసులో సమానంగా తూగాలన్నాడు. 1983లో మరో తత్వవేత్త టామ్ రీగన్ ఆ త్రాసునే కాదన్నాడు. తన బతుకు తనకి ముఖ్యమైన ప్రాణిని పదిమంది లాభం కోసం వాడుకోవడమే తప్పన్నాడు. ఆయన గట్టిగా మాట్లాడింది క్షీరదాల గురించి, పక్షులకి సందేహలాభం ఇచ్చాడు. ఈ రెండు చూపులనీ ఒకే అట్ట గుడ్ల మీద పెట్టి చూద్దాం.

పంజరంతో ఫారం రైతుకి ఉన్న సుఖం తీసిపారేసేది కాదు. రెట్ట తీగ సందుల్లోంచి కిందికి పడిపోతుంది కాబట్టి కోడి దాన్ని తొక్కదు, తినదు. అందుకే రక్తవిరేచనాల జబ్బు కాక్సిడియోసిస్, ఏలికపాములు బాగా తక్కువ. గది అడుగు ముందుకి వాలుగా ఉంటుంది కనక గుడ్డు దొర్లి బయటికొస్తుంది, శుభ్రంగా ఉంటుంది. ఏ కోడి పెట్టడం మానేసిందో చూడగానే తెలుస్తుంది. మూడు నాలుగు కోళ్ళే ఉండటంతో పొడుచుకున్నా అది ఆ గదితో ఆగుతుంది.

నష్టమంతా కోడిదే. గుడ్డు పెట్టబోయే ముందు అది చాటు వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటని ఎన్ని తరాలు పంజరంలో పెంచినా బ్రీడింగ్ తుడిచేయలేకపోయింది. పంజరంలో చాటు లేక, పెట్టే ముందు అటూ ఇటూ కదులుతూ తోటి కోళ్ళని తొక్కుతుంది. దుమ్ము స్నానం ఇంకా విచిత్రం: దుమ్మే లేని తీగ మీద ఒరిగి, రెక్కలు విదిలించి, లేని మట్టిని ఒంటి మీద పోసుకుంటున్నట్టు చేస్తుంది. ఇక ఎముకలు. ఒక్కో పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, దాణాలోది చాలకపోతే ఎముకలోంచి వస్తుంది. నడక, ఎగురుడు లేని కోడికి ఆ ఎముక మళ్ళీ గట్టిపడదు. పంజరంలోంచి దింపేటప్పుడు కాళ్ళు పట్టి లాగితే విరుగుతుంది.

యూరోపియన్ యూనియన్ 2012 జనవరి 1 నుంచి ఉత్తి తీగ పంజరాలని ఆపేసింది. గూడు, ఎక్కి కూర్చునే కర్ర, గీరుకునే చోటుతో తలకి 750 ఉన్న పెద్ద పంజరాన్ని మటుకు ఉండనిచ్చింది. అది నడిమధ్య ఏర్పాటు, మన దగ్గర దాని గురించి మాట్లాడేంత వాడుక లేదు.

ఊకనేల మీద, అంటే పొట్టు పరిచిన షెడ్డు నేల మీద, పెంచడం కోడికి మేలు. అయితే ఈ మాట చేతకాని ఊకనేలకి వర్తించదు. పంజరం తీసేసి పొట్టు పరిస్తే పని అయిపోయిందనుకున్న చోట కోళ్ళు పంజరంలో కంటే ఘోరంగా చస్తాయి. ఎక్కడ తప్పుతుందో చూడండి.

వరిపొట్టు మూడు నాలుగు అంగుళాల మందాన పరచాలి, వారానికోసారైనా తిరగెయ్యాలి. పిడికిట్లో పట్టి వదిలితే రాలిపోవాలి, ముద్ద కట్టిందంటే తడి ఎక్కువైంది. ఆ తడిలోంచి అమ్మోనియా లేస్తుంది. లోపలికి వెళ్ళిన మనిషికే కళ్ళు మండాయంటే, రోజంతా ఆ ఎత్తులోనే తలపెట్టుకుని ఉన్న కోడికి ఇంకెంత మండాలి? కాక్సిడియోసిస్ పెరిగేదీ ఆ తడిలోనే. తడికి మొదటి కారణం చాలాసార్లు నీళ్ళు తాగే కారే నిపుల్, తర్వాత జల్లు కొట్టే పక్క తెర.

గుడ్ల పెట్టెలు నాలుగైదు కోళ్ళకి ఒకటి చొప్పున, పదహారో పదిహేడో వారానికే పెట్టాలి. పెట్టడం మొదలయ్యాక తెస్తే మూల చూసుకుని నేల మీదే పెడతాయి, ఒకసారి అలవాటైతే మానవు. కర్ర మీద తలకి 15 సెంటీమీటర్లు ఉండాలి. పంజరంలో పెరిగిన, ఇంకా గుడ్డు పెట్టని పడుచుపెట్ట పుల్లెట్‌ని తెచ్చి ఇందులో వదలడం పెద్ద తప్పు: ఎక్కడం, దిగడం చిన్నప్పుడే నేర్చుకోవాలి. నేర్వనిది పైనుంచి పడి రొమ్ము ఎముక విరగ్గొట్టుకుంటుంది. నేర్చుకున్నవాటిలో కూడా ఈ ఎముక విరగడం పంజరంలో కంటే ఎక్కువే, అది ఈ పద్ధతికి ఉన్న అసలు మచ్చ. ఏదో బెదిరి అన్నీ ఒక మూలకి తోసుకుంటే కిందవి ఊపిరాడక చస్తాయి, అందుకే మూలలు గుండ్రంగా మూసేస్తారు. గుంపు పెద్దది కాబట్టి ఈకలు పీకడం ఒకటి మొదలెడితే షెడ్డంతా పాకుతుంది. దానికి మందుగా మొదటి పదిరోజుల్లోపు ముక్కు కొన కత్తిరించడం ఇక్కడా మానలేదు.

కోడి నడుస్తుంది కాబట్టి దాణా ఎక్కువ తింటుంది, గుడ్డు ధర పెరుగుతుంది. బాధల త్రాసులో పెడితే, పొట్టు పొడిగా ఉంచగల ఫారం పంజరం కంటే స్పష్టంగా మేలు. ఉంచలేని ఫారం నాలుగో కోడిని తీసేసి పంజరంలోనే పెంచడం నయం.

పెరడు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్వేచ్ఛ నిజం, ముంగిసా గద్దా కుక్కా కూడా నిజమే. లసోటా టీకా, ఎనిమిదో వారంలో ఆర్‌2బి టీకా వెయ్యకపోతే కొక్కెర తెగులు (రాణీఖేత్) ఒక్క ఊపులో గూడు ఖాళీ చేస్తుంది. నాటుపెట్ట ఏడాదికి అరవై గుడ్లకి అటూఇటూ. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థవాళ్ళ గ్రామప్రియ రకం దానికి రెట్టింపు పైనే పెడుతుంది. ఇంటికి సరే, పట్నానికి చాలదు. అన్నట్టు, గోధుమరంగు గుడ్డంతా నాటుగుడ్డు కాదు, పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది.

ఇక్కడిదాకా సంక్షేమం లెక్క సరిపోయింది. సెంటీమీటర్లతో తేలనివి పిల్లల్ని పొదిగించే హేచరీలో ఉన్నాయి. పొదిగిన లేయర్ పిల్లల్లో సగం పుంజులు. గుడ్డు పెట్టవు, బ్రాయిలర్‌లా కండ పట్టవు, కాబట్టి చాలావాటిని పుట్టిన రోజే చంపేస్తారు. జాతరల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి పిల్లలకి అమ్మేవి ఎక్కువగా అవే. ఊకనేల ఫారానికీ, పంజరం ఫారానికీ పుల్లెట్లు వచ్చేది ఇలాంటి హేచరీల నుంచే. సంక్షేమవాది "నొప్పి లేకుండా చంపండి" అనగలడు, అంతకుమించి అతని దగ్గర మాట లేదు. జర్మనీ 2022 నుంచి ఈ చంపడాన్నే నిషేధించి, గుడ్డులో ఉండగానే లింగం కనిపెట్టే యంత్రాల వైపు వెళ్ళింది. అది హక్కులవాళ్ళ ప్రశ్నకి సగం జవాబు. 72 నుంచి 80 వారాల వయసులో పెట్టడం తగ్గగానే కోతకి లారీ ఎక్కే కోడి సంగతి మిగతా సగం, దానికి జవాబు లేదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ తేలినప్పుడు జబ్బున్న ఫారం చుట్టూ కిలోమీటరులో కోళ్ళని చంపి పాతిపెట్టే నియమం అమలైంది. జబ్బు లేనిదీ పోయింది, పెరటిదీ పోయింది. హక్కు అనే మాట అక్షరాలా తీసుకుంటే అలా చంపడం కుదరదు, చంపకపోతే తెగులు ఆగదు. ఈ ఒక్క చోట మేం హక్కులవాళ్ళతో లేము.

చట్టం ఎటుంది? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం చాలినంత చోటు లేని పంజరంలో పెట్టడం నేరమంది. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు, అంటే అట్ట గుడ్ల ధర కూడా కాదు. 2014లో జల్లికట్టు ఎద్దుల కేసులో సుప్రీంకోర్టు అయిదు స్వేచ్ఛలనీ (ఆకలి, అసౌకర్యం, నొప్పి, భయం లేకుండా ఉండటం, సహజంగా మెలగడం), జంతువు గౌరవాన్నీ ఆ చట్టంలోకి చదివింది. 2023 మే 18న అదే కోర్టు రాజ్యాంగ ధర్మాసనం జంతువులకి ప్రాథమిక హక్కులున్నాయనడానికి ముందు తీర్పులేవీ లేవంది. కాబట్టి ఇవాళ కోడికి దక్కేది సంక్షేమమే. దానిలో కూడా ముందు మార్చాల్సింది ఆ యాభై రూపాయలు. పంజరం కొలత తర్వాత.

గుడ్లు కొనేవాళ్ళు "కేజ్‌ఫ్రీ" (పంజరం లేకుండా పెంచిన కోళ్ళది) అని రాసిన అట్ట అమ్మే మనిషిని మూడు అడగొచ్చు: పుల్లెట్ నేల మీదే పెరిగిందా, ఎన్ని కోళ్ళకి ఒక గూడు పెట్టె, పుంజుపిల్లలు ఏమయ్యాయి. మొదటి రెండిటికీ మంచి ఫారంవాళ్ళు తడుముకోకుండా చెబుతారు.