సీజీఆర్ఎన్ పరీక్షకు "అసలు ప్రశ్నలు" అమ్మేవాళ్ళతో జాగ్రత్త

అమెరికాలో ఎండోస్కోపీ (స్కోప్ అనే కెమెరా గొట్టంతో కడుపు, పేగులు చూసే) యూనిట్లలో పనిచేస్తూ సీజీఆర్ఎన్ అనే గ్యాస్ట్రో నర్సుల సర్టిఫికేషన్‌కి చదువుతున్న మన తెలుగు నర్సుల కోసం ఇది రాస్తున్నాను. నిన్న సాయంత్రం తెలిసిన చెల్లెలు ఒకామె ఫోన్ చేసి, "అక్కా, 129 డాలర్లకే మొత్తం ప్రశ్నలు ఇస్తారట, కట్టేయనా?" అని అడిగింది. ఆమె చెప్పిన గుర్తులన్నీ నాలుగు నెలల కింద నేను మోసపోయిన చోటివే. అప్పుడే చెప్పి ఉండాల్సింది, సిగ్గుపడి ఊరుకున్నాను.

నేను హైదరాబాద్‌లో ఆరేళ్ళు ఎండోస్కోపీలో చేశాను, టెక్సాస్ వచ్చాక కూడా అదే పని. ఈ పరీక్ష రాయాలంటే గడిచిన ఐదేళ్ళలో గ్యాస్ట్రో విభాగంలో రెండేళ్ళ ఫుల్‌టైమ్ అనుభవం, పార్ట్‌టైమ్ వాళ్ళకైతే 4,000 గంటలు ఉండాలి. నాకు ఆ గంటలు నిండాయి. కానీ ఆన్‌కాల్ డ్యూటీలు, ఇంట్లో చిన్నపిల్లలు, చదవడానికి రాత్రి పది దాటాకే కుదిరేది. ఆ టెన్షన్‌లో ఉండగా "పోయినసారి పరీక్షలో వచ్చిన 800 ప్రశ్నలు, పాస్ గ్యారంటీ, లేదంటే డబ్బు వాపసు" అన్న ప్రకటన కనబడింది. కార్డుతో కట్టేశాను.

వచ్చింది ఒక పీడీఎఫ్. సగం ప్రశ్నలు మామూలు నర్సింగ్‌వి, గ్యాస్ట్రోతో సంబంధం లేనివి. ఒకే ప్రశ్న నాలుగు చోట్ల ఉంది. అంతవరకే అయితే డబ్బు పోయిందనుకుని వదిలేసేదాన్ని. జవాబులే తప్పులు.

ఒక్కటి చెప్తాను. మిడాజోలం (మగత కలిగించే మందు) ఇచ్చాక రోగికి శ్వాస మందగిస్తే దాని విరుగుడు ఏది అని ప్రశ్న. వాళ్ళిచ్చిన జవాబు నాలోక్సోన్. అది ఫెంటానిల్ లాంటి ఓపియాయిడ్లకు (బలమైన నొప్పి మందులకు) విరుగుడు. మిడాజోలం బెంజోడయాజెపైన్ అనే వేరే రకం మందు, దానికి ఫ్లుమజెనిల్ ఇవ్వాలి. మన ప్రొసీజర్ గదిలో రోగికి మిడాజోలం, ఫెంటానిల్ రెండూ కలిపే ఇస్తాం కాబట్టి విరుగుడులు కూడా రెండూ దగ్గర పెట్టుకుంటాం. ఇన్నేళ్ళుగా నా చేత్తో ఆ మందులు సర్దుతున్నాను. అయినా రాత్రి పదకొండింటికి వందో ప్రశ్న దగ్గర, వాళ్ళ జవాబు చూసి "ఓహో నాలోక్సోన్" అని టిక్కు పెట్టుకుని ముందుకెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున మొదటి కేసుకు ముందు మందులు సరిచూస్తుంటే ఫ్లుమజెనిల్ వయల్ చేతికి తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది నిన్న రాత్రి ఏం టిక్కు పెట్టానో. ఒళ్ళు జలదరించింది. పరీక్షలో ఒక మార్కు పోతే పోతుంది. అలా చదివిన తప్పు బల్ల మీద పడుకున్న మనిషి దగ్గర గుర్తొస్తే?

ఆ రోజు ఇంటికొచ్చి మిగతావి గుచ్చిగుచ్చి చూశాను. స్కోప్‌ని బ్రష్‌తో కడిగాక లీక్ టెస్ట్ చేయాలని ఉంది. నీళ్ళలో ముంచి కడగకముందే చేయాలి. చిన్న రంధ్రం ఉన్నా ద్రవం లోపలికి పోతుంది, స్కోప్ పాడవుతుంది, ఇన్‌ఫెక్షన్ భయం కూడా. ఆరబెట్టడం గురించి అయితే తుడిచి వేలాడదీయమని ఒక్క ముక్క. స్కోపుల శుభ్రత మీద 2021లో వచ్చిన ఎస్‌టీ91 ప్రమాణం ప్రకారం స్కోప్ లోపలి ఛానళ్ళలోకి కనీసం 10 నిమిషాలు గాలి పంపి ఆరబెట్టాలి. పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ 50 ఏళ్ళకు మొదలని రాశారు. మామూలు రిస్క్ ఉన్నవాళ్ళకు 2021 మే నుంచి అది 45. ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు వచ్చే ఇన్‌ఫెక్షన్) రాకుండా కొలనోస్కోపీకి ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలట! అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ సలహాను 2007లోనే మానేసింది. అంటే ఎప్పటి సరుకు మనకు అంటగడుతున్నారో చూడండి.

డబ్బు వాపసు అడిగితే, పరీక్ష రెండుసార్లు ఫెయిలైన రిపోర్టులు పంపమన్నారు. అంతలో మూడో నెల కార్డు బిల్లులో ఇంకో 59 డాలర్లు. నేను టిక్కు పెట్టని "ఆటో రెన్యువల్" అట. బ్యాంకుకు ఫోన్ చేసి, ఉత్తరం కూడా రాసి అభ్యంతరం పెట్టాను, ఆ 59 వెనక్కొచ్చాయి. ఇలాంటి బిల్లింగ్ తప్పుల మీద, స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. మొదటి 129 విషయంలో నేను ఆలస్యం చేశాను, అవి పోయాయి. మీరు బిల్లు రాగానే చూసుకోండి, ఆ పాత కార్డు నంబరు కూడా మార్పించుకోండి.

ఇంకో మాట. ఒకవేళ ఎవరి దగ్గరైనా నిజంగా పరీక్షలోంచి బయటికొచ్చిన ప్రశ్నలే ఉన్నా ముట్టుకోకండి. పరీక్షలోని ప్రశ్నలు బయటపెట్టం అని ఒప్పుకున్నాకే మనల్ని రాయనిస్తారు. దొరికితే స్కోరు రద్దవుతుంది, ఆ మాట ఉద్యోగం దాకా పోతుంది. వీసా మీద ఉన్నవాళ్ళకు అది ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు.

నేనిప్పుడు పరీక్ష పెట్టే ఏబీసీజీఎన్ వాళ్ళ క్యాండిడేట్ హ్యాండ్‌బుక్ దగ్గర పెట్టుకుని, అందులోని సిలబస్ ప్రకారం ఒక్కో అంశం చదువుతున్నాను. అది ఉచితం. స్కోప్ శుభ్రత భాగానికి గ్యాస్ట్రో నర్సుల సంఘం ఎస్‌జీఎన్‌ఏ ప్రమాణాలు, మా యూనిట్‌లో ఉన్న స్కోప్ కంపెనీ సూచనల పుస్తకం. ఈ పుస్తకం గదిలో కళ్ళముందే ఉన్నా ఇన్నాళ్ళూ తెరవలేదు. తెలియనిది ఎదురైతే మా సీనియర్ నర్సుని అడుగుతున్నాను, ఆమె విసుక్కోకుండా చెప్తున్నారు.

నిన్న ఫోన్ చేసిన చెల్లెలు ఇంకా డబ్బు కట్టలేదు. ఈ ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను, ఇద్దరం కలిసి సెడేషన్ మందుల భాగం చదువుకుంటాం. మీలో ఎవరైనా ఇప్పటికే అలాంటి పీడీఎఫ్ కొని ఉంటే, అందులోంచి ఒక్క జవాబు కూడా సరిచూసుకోకుండా గుర్తుపెట్టుకోకండి.