ఐదుకు తగ్గించడమా, ఒక్కసారే మానడమా?

మొన్న ఆదివారం నాంపల్లిలో ఒక ఇరానీ హోటల్ బయట మా బామ్మర్ది లెక్క అప్పజెప్పాడు. "బావా, రోజుకు ఇరవై సిగరెట్ల నుంచి ఐదుకు దిగిన. ఇంకేం గావాలె నీకు?" చేతిలో ఉన్నది పొద్దున సగం కాల్చి, ఆర్పి, పెట్టెలో దాచుకున్న ముక్క. దాన్నే మళ్లీ వెలిగించాడు. బుగ్గలు లోపలికి పోయేలా లాగి, పొగను కాసేపు లోపలే ఆపి, చివరి దాకా వేళ్లు కాలేలా తాగాడు. ఒంటికి నికోటిన్ తగ్గితే జరిగేది ఇదే. సిగరెట్లు తగ్గుతాయి, దమ్ములు పెద్దవవుతాయి.

తగ్గిస్తే అసలు లాభమే లేదని అనను. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో ఎన్ని తాగుతున్నామన్నది లెక్కలోకి వస్తుంది. గుండె దగ్గర మాత్రం ఆ బేరం కుదరదు. 2018లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, రోజుకు ఇరవై తాగేవాడికి అదనంగా వచ్చే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం, రోజుకు ఒక్కటి తాగేవాడికీ ఉంటుంది. ఐదు తాగే మావాడు ఎక్కడున్నట్టు?

పూర్తిగా మానాలనే అనుకుందాం. మెల్లగానా, ఒక్కసారిగానా? బ్రిటన్‌లో దాదాపు 700 మందిపై చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. సగం మంది అనుకున్న రోజున ఠక్కున ఆపేశారు. మిగతావాళ్లు రెండు వారాల్లో పావు వంతుకు తగ్గించి, ఆ తర్వాత ఆపారు. నాలుగు వారాలకు మొదటి జట్టులో నూటికి 49 మంది నిలబడ్డారు, రెండో జట్టులో 39 మంది. ఆరు నెలలకు 22, 15. అంటే ఒక్కసారిగా మానినవాళ్లలోనూ ఎక్కువమంది జారారు. అందుకే ఒకసారి తప్పినవాణ్ణి ఎగతాళి చేయడం నాకు నచ్చదు. ఇంకో సంగతి: ఆ మెల్లగా తగ్గించినవాళ్లకు కూడా ఆపాల్సిన తేదీ ఉంది. మావాడికి అదే లేదు.

నేను మూడోసారికి మానగలిగాను. మొదటిసారి ఉత్త పంతంతో ఆపేశా. మూడో రోజు పెరుగన్నంలో ఉప్పు లేదని కంచం తోసేశా, సాయంత్రానికి పాన్ డబ్బా దగ్గర తేలా. చిరాకు మొదటి రెండు మూడు రోజుల్లోనే బాగా ముదురుతుందనీ, కొన్ని వారాల్లో సద్దుమణుగుతుందనీ అప్పుడు తెలియదు. రెండోసారి నికోటిన్ గమ్ కొన్నా. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. పనిచేయలేదని తిట్టుకున్నా గానీ తప్పు నాదే. ఇరానీ చాయ్ తాగి ఆ వెంటనే గమ్ నమిలేవాణ్ణి. చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్ తాగాక పావుగంట ఆగకపోతే నికోటిన్ నోట్లోంచి సరిగా ఒంటికి పట్టదు. పైగా బబుల్‌గమ్‌లా నమిలేశా. నిదానంగా నమిలి, నోరు చిమచిమలాడగానే బుగ్గన పెట్టుకోవాలి. ఆ ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టర్ని అడగాలి.

ఖైనీకి మారితే నయం కదా అనేవాళ్లకు ఒక్క మాట: ఊపిరితిత్తుల్ని కాపాడుకుని నోటిని అప్పజెప్పడం అది. ఈ-సిగరెట్ల అమ్మకం దేశంలో 2019 నుంచి నిషేధం. హుక్కా పార్లర్లను తెలంగాణలో 2024లో మూయించారు. గంటసేపు హుక్కా లాగితే లోపలికి పోయే పొగ, ఒక్క సిగరెట్ పొగకు వంద రెట్లు దాటుతుంది.

నా ఓటు తేదీ పెట్టుకుని ఒక్కసారే మానడానికి, గమ్ తోడుగా. సలహా కావాలంటే 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది, మావాడు ఏళ్లుగా జేబులో మోస్తున్నాడు.

"ఇరవై ఏండ్లు తాగిన, ఇప్పుడు మానితే ఏమొస్తది?" అన్నాడు. ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి పడుతుంది. బ్రిటిష్ డాక్టర్లను యాభై ఏళ్లు గమనించిన అధ్యయనంలో నలభైకి మానినవాళ్లు, మానకుండా తాగినవాళ్లకంటే దాదాపు 9 ఏళ్లు ఎక్కువ బతికారు. అరవైకి మానినా 3 ఏళ్లు. మావాడికి నలభై ఒకటి.

తేదీ చెప్పమన్నా. "బోనాలైనంక," అన్నాడు. ఏ బోనాలు, గోల్కొండవా, లష్కర్‌వా, లాల్‌దర్వాజవా అని అడిగా. కాసేపు ఆలోచించి లాల్‌దర్వాజ అన్నాడు. ఫోన్లో రాసుకున్నా.