మనుషుల గ్లూకోమీటరుతో పిల్లికి ఇన్సులిన్ వైద్యం: రెండేళ్ల వాడకం తర్వాత

గ్లూకోమీటరు గురించి చెప్పుకునే మామూలు సంగతులు, అంటే బ్యాటరీ, తెర, దాచుకునే రీడింగుల సంఖ్య వంటివి, షుగరు ఉన్న మనిషి ఒక్కరైనా ఉన్న ప్రతి ఇంటికీ కంఠతా వచ్చినవే కాబట్టి వాటి జోలికి పోను. మా అత్తగారు వాడే రకం మిషన్‌నే మరొకటి కొని, విజయవాడలోని మా ఇంట్లో రెండేళ్లకు పైగా సోము అనే మగపిల్లికి వాడుతున్నాము. దాని గుణాల్లో నన్ను కట్టిపడేసినది ఒక్కటే: దానికి 0.6 మైక్రోలీటరు రక్తం చాలు. మనిషి వేలి నుంచి అంత చుక్క తీయడం పెద్ద పని కాదు గానీ, పిల్లి చెవి అంచున ఉండే సన్నని నరం నుంచి వచ్చేది ఆవగింజలో సగం ఉంటే గొప్ప. అంతమాత్రం రక్తానికే కొన్ని సెకన్లలో అంకె చూపించడం వల్లనే సోము వైద్యం ఇంట్లో సాగుతోంది.

సోము నీళ్ల గిన్నెను పదేపదే ఖాళీ చేస్తూ, బాగా తింటూనే చిక్కిపోతున్న రోజుల్లో, వాడు మూత్రం పోసే మట్టి ట్రే చుట్టూ చీమలు బారులు తీరడం చూసి, "వీడికీ షుగరేమో చూపించండమ్మా" అని అత్తగారే ముందుగా అన్నారు. ఆసుపత్రిలో చూస్తే 400 దాటింది. అయితే బెదిరిన పిల్లికి జబ్బు లేకపోయినా షుగరు 300 దాకా, ఒక్కోసారి ఆపైన కూడా, ఎగబాకుతుందని వివరించిన డాక్టరుగారు ఆ ఒక్క అంకెను నమ్మలేదు. గడచిన ఒకటి రెండు వారాల షుగరు సగటును తెలిపే ఫ్రక్టోసమీన్ పరీక్ష చేయించిన తర్వాతే, గ్లార్జీన్ ఇన్సులిన్‌ను పన్నెండు గంటలకొకసారి ఒక్కో యూనిట్ చొప్పున మొదలుపెట్టారు. మోతాదు సర్దడానికి మాత్రం ఆసుపత్రిలో తీసిన అంకెలు పనికిరావని, ఇంట్లో తీసినవే పంపమని ఆయనే చెప్పారు. ఆటోలో బుట్ట ఎక్కించగానే సోము ఎలా వణికిపోతాడో ఎరిగినవాళ్లం కాబట్టి ఆ మాట మాకు వెంటనే తలకెక్కింది.

చుక్క తీయడం చెప్పినంత సులువు కాదు, అలాగని భయపడవలసినంత కష్టమూ కాదు. చిన్న గుడ్డలో బియ్యం మూటకట్టి, పెనం మీద గోరువెచ్చగా చేసి, ముందు మన మణికట్టు మీద ఆనించి వేడి సరిచూసుకుని, చెవికి కాసేపు కాపడం పెడితే నరం ఉబ్బుతుంది. చెవి అంచుకు కాస్త వాజెలీన్ రాస్తే రక్తం వెంట్రుకల్లోకి పాకకుండా గుండ్రంగా నిలుస్తుంది. వెనుక దూది ఆనించి లాన్సెట్‌ను, అంటే చుక్క తీసే చిన్న సూదిని, చేత్తోనే గుచ్చుతాము, ఎందుకంటే దాన్ని బిగించి గుచ్చే గన్ చేసే టక్కుమనే చప్పుడుకు సోము చెవులు వెనక్కి వాల్చేస్తాడు. తర్వాత దూదితో నొక్కి పట్టకపోతే చెవి కమిలిపోతుంది.

ఈ మిషన్ విలువ నాకు తెలిసింది తిండి మార్చినప్పుడు. అంతవరకు సోము తిండి దుకాణంలో దొరికే ఎండు గింజల్లాంటి పిల్లి తిండి, వాటితో పాటు అత్తగారు ముద్దుగా పెట్టే పెరుగన్నం. రెండింటిలోనూ పిండిపదార్థం ఎక్కువే. వాటిని క్రమంగా మాన్పించి, మాంసం ముద్దగా ఉండే తడి తిండికి మార్చమన్నారు డాక్టరుగారు. పొట్లం మీది అంకెల్లో ప్రోటీను, కొవ్వు, పీచు, తేమ, బూడిద (అంటే ఖనిజాలు) శాతాలను కలిపి 100 నుంచి తీసివేస్తే మిగిలేదే పిండిపదార్థం. నేను చూసిన చాలా పొట్లాల మీద బూడిద శాతం అచ్చువేయనే లేదు కాబట్టి ఆ లెక్క అంచనాగానే మిగిలింది. గ్రేవీ ఉన్న పొట్లాల్లో చిక్కదనానికి పిండి కలిపే అవకాశం ఉందని వాటిని పక్కన పెట్టాము. ఉడికించిన కోడిమాంసం ఒక్కటే పెడితే పిల్లులకు తప్పనిసరైన టారిన్ అనే పోషకం, కాల్షియం చాలవు కాబట్టి అది వాడికి చిరుతిండి మాత్రమే అయింది.

కొత్త తిండికి పూర్తిగా మారిన కొద్ది రోజులకు, ఒక ఉదయం సూదికి ముందు చూస్తే, ఎప్పుడూ 280 దరిదాపుల్లో ఉండే అంకె 86కు వచ్చింది. చుక్క సరిగా అందలేదేమోనని కొత్త స్ట్రిప్‌తో రెండో చెవిని గుచ్చితే 91. ఆశ్చర్యమేమిటంటే, సోములో ఏ తేడా లేదు. గడప మీద కూర్చుని ఒళ్లు నాకుకుంటున్నాడు, తిండి కోసం అరుస్తున్నాడు. తూలడం, వణకడం, నీరసంగా వాలిపోవడం వంటి లక్షణాల కోసమే చూస్తూ కూర్చునేవాళ్లమైతే, ఆ పూట రోజూ ఇచ్చే యూనిట్ ఇచ్చి ఉండేవాళ్లం, మధ్యాహ్నానికి వాడికి ఫిట్స్ వచ్చి ఉండేవి కూడానేమో. సూది ఆపి, తిండి పెట్టి, చిగుళ్లకు రాయడానికి తేనె సీసా దగ్గర ఉంచుకుని డాక్టరుగారికి ఫోన్ చేశాము. రెండు మూడు గంటలకొకసారి చూడమన్నారు. సాయంత్రానికి 150 దాటింది. మరునాటి నుంచి మోతాదు అర యూనిట్ చేశారు. పిండిపదార్థం తగ్గితే పిల్లికి ఇన్సులిన్ అవసరం కొద్ది రోజుల్లోనే పడిపోవచ్చని ఆయన ముందే హెచ్చరించారు, కానీ అది ఏ పూట పడిపోతుందో చెప్పగలిగింది ఆ చుక్క ఒక్కటే. ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో చెప్పడం కన్నా, ఎప్పుడు ఇవ్వకూడదో చెప్పడమే ఈ మిషన్ అసలు ఉపకారమని నా అభిప్రాయం.

అర యూనిట్ అనడం తేలికే గాని, కొలవడం అంత తేలిక కాదు. మాకు దొరికిన సిరంజీల మీద అర యూనిట్ గీతలు లేవు, భూతద్దం పెట్టి రెండు గీతల మధ్య ఆపుతాము. ఇంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. మందుల దుకాణంలో ఇన్సులిన్ సిరంజీ అని మాత్రమే అడిగితే ఎర్ర మూతది, అంటే 40 యూనిట్ల రకానిది, చేతికివ్వడం మా ఊళ్లో మామూలే. గ్లార్జీన్ మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందు కాబట్టి ఆ సిరంజీలో ఒక గీత దాకా తీస్తే పిల్లికి వెళ్లేది రెండున్నర యూనిట్లు. 100 యూనిట్ల రకానికి ఉండే నారింజ రంగు మూత చూసుకునే తెచ్చుకోవాలి.

ఇంత పొగిడాక చెప్పక తప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. మనుషుల మిషన్ పిల్లి రక్తానికి తరచూ తక్కువ చూపిస్తుంది. ప్లాస్మాకు, ఎర్ర రక్తకణాలకు మధ్య గ్లూకోజు పంచుకునే తీరు పిల్లుల్లో వేరుగా ఉండటం దానికి ముఖ్య కారణం. ఒకే సమయంలో ల్యాబుకు పంపిన నమూనాతో పోల్చినప్పుడు మాకూ ఆ తేడా కనబడింది. కాబట్టి ఆ రోజు చూపిన 86 నిజానికి వంద పైనే అయి ఉండవచ్చు. అయినా సూది ఆపడం సరైన పనేనని డాక్టరుగారు అన్నారు. నేనైతే ఒక్కొక్క అంకెకు కాక, ఒకే మిషన్‌తో తీసిన వరుస అంకెల పోకడకే విలువ ఇస్తాను. మే నెలలో మధ్యాహ్నం వేడికి ఈ మిషన్ రీడింగు ఇవ్వకుండా ఉష్ణోగ్రత గుర్తు చూపి ఊరుకుంటుంది. కాసేపు ఏసీ గదిలో ఉంచితే గాని దారికి రాదు. ఒక్కో స్ట్రిప్ ఇరవై రూపాయల దరిదాపుల్లో పడుతుంది, చుక్క చాలక వృథా అయ్యేవి అదనం.

మధ్యలో కొంతకాలం సోముకు ఇన్సులిన్ అవసరమే లేకపోయింది. తర్వాత చిగుళ్ల వాపుకు స్టెరాయిడ్ ఇవ్వవలసి రావడంతో షుగరు మళ్లీ పెరిగి అర యూనిట్ దగ్గర నిలిచింది. అమెరికాలో 2022 డిసెంబరులో పిల్లుల కోసం అనుమతి పొందిన బెక్సాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్ర, అంతకుముందు ఇన్సులిన్ తీసుకున్న పిల్లులకు ఇవ్వకూడదని దాని మీదే హెచ్చరిక ఉంది కాబట్టి మాకు ఆ దారి లేదు. పొద్దునా సాయంత్రమూ ఒకే వేళకు ఇంట్లో మనిషి ఉండి, పిల్లి చెవి పట్టనిస్తే ఈ మిషన్ కొనమనే చెబుతాను. కరిచే పిల్లి అయితే, పద్నాలుగు రోజులు ఒంటికి అంటించి ఉంచే సెన్సరు గురించి ముందు మీ డాక్టరును అడగండి. అది పిల్లి ఒంటి మీద గడువు దాకా నిలుస్తుందన్న హామీ లేదు, ధర కూడా ఎక్కువే, కానీ రోజూ పెనుగులాడే పని తప్పుతుంది.