ఎడమ మడ్‌గార్డు ఊడొచ్చే ట్రెయిలర్

ట్రెయిలర్ కొనబోయేవాళ్ళు పొడవు అడుగుతారు, బరువు అడుగుతారు, స్టీలా అల్యూమినియమా అని నెలల తరబడి తర్జనభర్జన పడతారు. ఎడమవైపు మడ్‌గార్డు ఊడొస్తుందా అని మాత్రం అడగరు. డాలస్ నుంచి క్రెసన్ రేస్ ట్రాక్‌కీ, వీలైనప్పుడు ఆస్టిన్‌లోని కోటా రేస్ ట్రాక్‌కీ, ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు వెనక 18 అడుగుల ఓపెన్ ట్రెయిలర్ తగిలించి, పాత మాజ్దా మియాటాని (టాప్ దించుకునే చిన్న స్పోర్ట్స్ కారు) కొన్నేళ్ళుగా మోసుకెళ్తున్నాను. నన్నడిగితే మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

ఎందుకంటే, అమెరికా హైవేల మీద బండి వెడల్పు 102 అంగుళాలకి మించకూడదు. డెక్కు, అంటే కారు నిలబడే పలక, పక్కన చక్రాలుండే ట్రెయిలర్‌లో రెండువైపులా టైర్లకి పోగా మధ్యన మిగిలేది 82 అంగుళాల చిల్లర. మియాటా వెడల్పు 66. నట్టనడుమ ఎక్కిస్తే అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. కారేమో నేలబారుది. ఇక్కడ డ్రైవర్ తలుపు ఎడమవైపు కదా, అది తెరిస్తే దాని కింది అంచు పోయి మడ్‌గార్డుకే కొట్టుకుంటుంది. టాప్ దించి పైనుంచి దిగొచ్చు కదా అంటారు. రోల్ బార్ (బోల్తా పడితే తలని కాపాడే ఇనుప కమ్మీ) వేసి హార్డ్‌టాప్ బిగించాక ఆ దారీ పోయింది. ఇంతకుముందు ఒక మిత్రుడి స్టీల్ ట్రెయిలర్ అరువు తెచ్చుకునేవాణ్ణి. దానిమీద కిటికీలోంచే దిగడం: ముందు తల, తరవాత నడుం, ఆఖర్న బూట్లు. ట్రాక్ పక్కన కార్లు నిలిపే ప్యాడాక్‌లో జనం నిలబడి చూసేవాళ్ళు.

ఇప్పుడు రెండు పిన్నులు లాగి, లైటు ప్లగ్గు పీకి, మడ్‌గార్డు తీసి పక్కన పెడతాను. తలుపు బార్లా తెరుచుకుంటుంది. మర్యాదస్తుడిలా దిగుతాను.

మిగతా సరంజామా సంగతి రెండు ముక్కల్లో. ఈ బరువుకి ఎఫ్-150 లాంటి హాఫ్ టన్ను పికప్ చాలు. అయితే ఎంత లాగగలదో చెప్పే టోయింగ్ రేటింగ్ చూసి మురిసిపోకుండా, ట్రక్కు తనమీద ఎంత మోయగలదో చెప్పే పేలోడ్ స్టిక్కర్ చూడండి, డ్రైవర్ తలుపు పక్కన అంటించి ఉంటుంది. హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద పడే బరువు, ఇంటిల్లిపాది, స్పేర్ టైర్లు, పనిముట్లు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలి, తగ్గితే వెనక ఊగుడు మొదలవుతుంది. కారు ఎక్కడ నిలిపితే ఆ లెక్క కుదిరిందో అక్కడ డెక్కు మీద పెయింటుతో గీత గీసుకున్నాను, ముందు టైరు అక్కడికొస్తే ఆపేయడమే. నాలుగు టైర్లకీ నాలుగు రాచెట్ స్ట్రాపులు. అంతే.

మా బావమరిది మొదటిసారి చూసినప్పుడే, "బావా, ఇంత తేలిగ్గా ఊడేది దారిలో ఊడిపోదా?" అన్నాడు. అప్పుడు నవ్వేశాను.

ఒక జులైలో ఇద్దరం కోటాకి పోతున్నాం. వేకో దాటాక టైరు ప్రెషర్ సెన్సర్ మోత మొదలెట్టింది. ట్రెయిలర్ ఎడమవైపు ఒకదాని వెనక ఒకటి ఉండే రెండు టైర్లలో వెనకది. ఐ-35 షోల్డర్ మీద ఎడమ టైరు మార్చడమంటే లారీలకి వీపు అప్పజెప్పడమే. టెక్సస్‌లో హైవే వెంబడే ఫ్రంటేజ్ రోడ్డు, అంటే పక్క రోడ్డు, ఉంటుంది కాబట్టి బతికిపోయాం. మెల్లిగా ఎగ్జిట్ తీసుకుని ఒక చర్చి పార్కింగ్‌లో ఆపాం. ట్రెడ్ మొత్తం ఊడి, ఆ రబ్బరు పట్టీ తిరుగుతూ మడ్‌గార్డుని లోపలివైపు నుంచి బాదింది. వంగిన రేకు పక్కనున్న మంచి టైరుని కూడా ఒరుసుకుంటోంది. ఇంకాస్త దూరం పోయుంటే రెండోదీ పోయేది. వెల్డింగ్ చేసిన మడ్‌గార్డైతే ఆ ఎండలో గడ్డపార కోసం వెతుక్కోవాల్సిందే. ఇది మాత్రం వెనక పిన్ను కాస్త మొరాయించి, సుత్తితో రెండు తగిలించగానే ఊడొచ్చింది. నట్లు వదులు చేసి, మంచి టైరుని చెక్క దిమ్మ మీదికి ఎక్కించాం, పాడైన చక్రం గాల్లోకి లేచింది. ఏ చక్రానికా చక్రం విడిగా కదిలే టోర్షన్ యాక్సిల్‌కి ఆ సుఖం ఉంది. కారు దించలేదు, జాక్ బయటికి తియ్యలేదు. స్పేర్ వేసి టార్క్ రెంచితో బిగించి, 50 మైళ్ళ తరవాత ఆగి మళ్ళీ బిగించాం. వంగిన మడ్‌గార్డుని ట్రక్కులో పడేస్తూ బావమరిది కిక్కురుమనలేదు.

కానీ మిగిలిన దారంతా టైరు లేపిన కంకర మియాటా తలుపుకి తగులుతూనే ఉంది. కింది అంచున పెయింటు లేచింది. వంగిన రేకు మళ్ళీ పిన్నుల చిల్లులకి సరిపడలేదు. తయారుచేసినవాళ్ళ దగ్గర్నుంచి కొత్తది రావడానికి నెలలు పట్టింది, ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే వారమే అన్నారు. అప్పటిదాకా మిత్రుడి కిటికీ ట్రెయిలరే గతి.

బావమరిది ప్రశ్నకీ కొంత విలువుంది. చిల్లులు అరిగేకొద్దీ మడ్‌గార్డు గడగడలాడుతుంది. కంపెనీ ఇచ్చిన క్లిప్పులు తీసేసి తాళం పడే పిన్నులు, రబ్బరు వాషర్లు వేశాక నెమ్మదించింది. ప్రతిసారీ పీకి పెట్టే లైటు ప్లగ్గుకి పచ్చగా చిలుం పడుతుంది, గ్రీజు రాస్తూ ఉండాలి. దీనికేం చాకిరీ ఉండదని మొదటి ఏడాది నేను చెప్పగా విన్నవాళ్ళు ఈ పేరా కూడా చదవాలి.

నాది నేలబారు కారు, నేను పొడుగు, ఎక్కించేది చాలాసార్లు ఒంటరిగా. మీది ఎత్తున్న బండైతే తలుపు మడ్‌గార్డు పైనుంచే తెరుచుకుంటుంది, మీకిది దండగ. ఏడాదికి ఒకట్రెండు సార్లే అవసరమైతే యూహాల్ కంపెనీలో ఆటో ట్రాన్స్‌పోర్ట్ అనే కారు ట్రెయిలర్ అద్దెకి తెచ్చుకోండి. దానికీ ఎడమ మడ్‌గార్డు కిందికి వాలుతుంది. కాకపోతే ఖాళీదే 2,200 పౌండ్ల పైచిలుకు, 55 మైళ్ళ వేగం దాటొద్దంటారు. నేను మళ్ళీ కొన్నా ఎడమవైపు ఊడేదే కొంటాను. టైరు సంగతి గుర్తొస్తే కుడివైపూ ఊడేది పెట్టించుకుంటే బాగుండనిపిస్తుంది గానీ, ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోవచ్చు.