స్క్రాప్‌బుక్, కాగితం పని: శ్రీకాకుళం చలికాలాల్లో చేసి చూశాక

స్క్రాప్‌బుక్ అంటే ఇంటి ఫొటోలు, కార్డులు, టిక్కెట్లు పేజీల్లో పెట్టి పక్కన వాటి సంగతి రాసుకునే పుస్తకం. అది మొదలుపెడదామనుకునేవాళ్ళు ఏ పుస్తకం కొనాలి, ఏ జిగురు మంచిది అని అడుగుతారు. నేను ముందు నెల చెబుతాను. శ్రీకాకుళంలో ఈ పనికి కార్తీకం వెళ్ళిన దగ్గర్నుంచి రథసప్తమి దాకా ఉన్న రోజులే రోజులు. ఏళ్ళ తరబడి చలికాలమంతా మా భోజనాల బల్లలో సగం కాగితాలకే ఇచ్చేశాం. వానల్లోనూ ఎండల్లోనూ కూడా చేసి చూశాను గనుక తేడా చేతికి తెలుసు.

మనది సముద్రం పక్కనున్న జిల్లా. తొలకరి పడ్డ దగ్గర్నుంచి గాలిలో తడి తగ్గదు. కాగితం ఆ తడిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. దాని మీద నీళ్ళ జిగురు రాసి ఇంకో కాగితం అంటిస్తే రెండూ ఒకేలా సాగవు, ఒకేలా ముడవవు. పేజీ కాల్చిన అప్పడంలా వంకర తిరుగుతుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు, వాటిని నమ్ముకుని పని పరవకూడదు. మార్గశిరం వచ్చాక ఉత్తరపు గాలి తిరుగుతుంది, మధ్యాహ్నాలు పొడిగా ఉంటాయి, జిగురు చక్కగా ఆరుతుంది, పేజీ చదునుగా నిలుస్తుంది. అయితే పొద్దున్నే మంచు ఉంటుంది. నాగావళి ఒడ్డు వీధుల్లో మరీను. రాత్రి కాగితాలు బల్ల మీదే వదిలేసి కిటికీ తీసి పడుకుంటే తెల్లారేసరికి అంచులు లేచిపోతాయి. అందుకే పదిన్నర దాటాక మొదలుపెట్టి నాలుగింటికల్లా అన్నీ డబ్బాలో సర్దేస్తాం. అంటించిన పేజీల మధ్య బటర్ పేపర్ వేసి, పైన బరువైన పుస్తకాలు పెట్టి మర్నాటిదాకా కదపం.

కాగితం దగ్గర పీనాసితనం వద్దు. జిరాక్సు కాగితం 70 నుంచి 80 జీఎస్‌ఎం ఉంటుంది, అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాములు తూగుతుందన్నమాట. ఫొటోను మోయడానికి అది చాలదు. నేను 220 నుంచి 300 జీఎస్‌ఎం మధ్య ఐవరీ కార్డు, అంటే నున్నటి మందపాటి కాగితం, వాడతాను. శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో అడిగితే పెద్ద షీటు ఇస్తారు, అక్కడే మెషీను మీద ఎ4 సైజుకు కోయించుకోవచ్చు. 12 అంగుళాల చదరపు షీట్లు చూడ్డానికి బాగుంటాయి కానీ ఖరీదు, పైగా పార్సిల్లో మూలలు నలిగి వస్తాయి. ఎ4 అయితే కవర్లు, ఫైళ్ళు, జిరాక్సు అన్నీ ఆ కొలతకే దొరుకుతాయి. స్కూలు రంగు చార్టులు వాడకండి. ఒక ముక్కను సగం పుస్తకంలో దాచి, సగం కిటికీలో ఎండ తగిలేలా ఉంచి ఒక వేసవి వదిలేయండి, రెండు సగాలూ ఒకే ముక్కవంటే నమ్మలేరు. వార్తాపత్రిక కాగితం అంతకంటే చెడ్డది. అందులో కలప తాలూకు లిగ్నిన్ మిగిలిపోయి ఉంటుంది. అది వెలుతురుకూ గాలికీ పసుపెక్కి, ఆమ్లం పుట్టించి, ఆనుకున్న పేజీని కూడా పాడుచేస్తుంది. పేపర్లో పడ్డ మనవడి ఫొటో దాచుకోవాలంటే మంచి కాగితం మీద జిరాక్సు తీసి, ఆ జిరాక్సునే అంటించాలి.

చాలామంది పట్టించుకోని సంగతి కాగితం పోగు. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువ భాగం ఒకే దిక్కుకు పడుకుంటుంది. షీటును ఒకసారి పొడుగు వైపు, ఒకసారి వెడల్పు వైపు మెల్లగా వంచి చూడండి. ఎటు వంచితే సులువుగా లొంగిందో, అక్కడ మడత గీత ఎటు పడుతుందో అటే పోగు ఉన్నట్టు. పోగు వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే పైపొర పగిలి తెల్లటి పీచు బయటపడుతుంది. తడి తగిలినప్పుడు కాగితం పోగుకు అడ్డంగానే ఎక్కువ సాగుతుంది. అందుకని పోగు పుస్తకం వీపు వెంట నిలువుగా వచ్చేలా కోయించుకోవాలి. ప్రెస్సువాళ్ళకు ఈ ఒక్క మాట చెబితే చాలు, వాళ్ళు రోజూ చేసే పనే.

జిగుర్లలో ఫెవికాల్ ఎం.ఆర్. నాకు బాగా నచ్చింది. గట్టిగా పట్టుకుంటుంది, ఆరాక కనపడదు. కాకపోతే నీళ్ళ జిగురు కాబట్టి పాత ఏటీఎం కార్డుతో గీకి పల్చగా పూయాలి. గ్లూ స్టిక్కు పిల్లలకు బాగుంటుంది, ముడతలు రావు, కానీ ఒకటి రెండు వేసవులు దాటేసరికి అంచులు విడిపోతాయి. సెల్లోటేపు వద్దే వద్దు. పసుపెక్కి, జిడ్డు కారి, మరకను మిగిల్చి ఊడిపోతుంది. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే బైండింగు జిగురు అట్టలకు గట్టిది, ఫొటోల దగ్గరికి మాత్రం రానివ్వను. అసలు ఫొటోకు నేను ఏ జిగురూ పూయను. ఫొటో కార్నర్లు పెడతాను. కార్నరు పేజీకి అంటుకుంటుంది, ఫొటో అందులో కూర్చుంటుంది, కావాలంటే తీసి వెనక రాత చదువుకోవచ్చు. కొనక్కర్లేదు కూడా. అర అంగుళం వెడల్పు, రెండంగుళాల పొడుగు పట్టీ తీసుకుని నడిమి నుంచి రెండు కొసలనూ ఏటవాలుగా కిందికి మడిస్తే మొన తేలిన జేబు వస్తుంది. కింద మిగిలిన కాళ్ళు కత్తిరించేయడమే.

కోతకు మొన విరిచే కట్టరు, స్టీలు స్కేలు, ఎ3 కటింగ్ మ్యాట్ ఉంటే సరిపోతుంది. ప్లాస్టిక్ స్కేలు అంచును కట్టరు తినేస్తుంది. ఒక్క గీతలో తెగాలని నొక్కకుండా రెండు మూడుసార్లు తేలిగ్గా లాగాలి. మ్యాట్‌ను ఎండలో పెట్టారంటే వంగిపోతుంది. మడత గీతకు ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను చాలు. పంచ్‌లలో నాకు తరచూ పనికొచ్చేది మూలలు గుండ్రంగా కోసేది ఒక్కటే. మెరుపుల పొడి ఫొటోల మీద గీతలు పెడుతుంది, ఫోమ్ టేపు ఎత్తుకు ఎదుటి పేజీ ఫొటోలో గుంట పడుతుంది. ఆ రెంటికీ డబ్బు పెట్టకండి.

పేజీలో పెట్టాల్సిన సరుకు మన ఇంటికే వస్తుంది. శుభలేఖను మించిన కార్డు బజారులో లేదు. మందం ఉంటుంది, అచ్చు బాగుంటుంది, లోపల రెండిళ్ళ మూడు తరాల పేర్లుంటాయి. నాలుగు మూలల పసుపు దగ్గర మాత్రం జాగ్రత్త. అది ఎదుటి పేజీకి అంటుకుంటుంది, వెలుతురు పడితే వెలిసిపోతుంది. పెళ్ళి పసుపు, తుడిచేయాలనిపించదు కదా. అందుకని కార్డు మొత్తాన్ని పల్చటి పాలీప్రొపిలీన్ కవరులో పెడతాను. పీవీసీ కవరు పనికిరాదు. అది మెత్తగా ఉండడానికి కలిపే రసాయనాలు మెల్లమెల్లగా బయటికొచ్చి ఫొటోలకు, అక్షరాలకు అంటుకుంటాయి. తెరవగానే ప్లాస్టిక్ వాసన ఘాటుగా కొట్టే కవరైతే అక్కడే వదిలేయండి.

టిక్కెట్లలో పాత రైలు టిక్కెట్లు రాజుల్లా ఉన్నాయి. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో మా మామగారు కొన్న అట్టముక్క టిక్కెట్ల మీద ఈనాటికీ ఒక్క అక్షరం చెదరలేదు. ఇప్పుడు బస్సులో మెషీను కొట్టి ఇచ్చే టిక్కెట్టులో ఇంకే ఉండదు, వేడికి నల్లబడే థర్మల్ కాగితం అది. రథసప్తమికి అరసవల్లి వెళ్ళొచ్చిన టిక్కెట్టు నాలుగు ఎండలు తగిలేసరికి ఖాళీ కాగితమవుతుంది. ఇంటికి రాగానే జిరాక్సు తీయించండి. లామినేషన్‌కు ఇవ్వకండి, ఆ వేడికి ముక్కంతా నల్లగా మాడుతుంది.

మా అత్తగారింట్లో రెండు రకాల ఆల్బమ్‌లున్నాయి. డెబ్బైల నాటివి నల్ల అట్ట పేజీలు, ఫొటో కార్నర్లు, మధ్య మధ్య బటర్ పేపర్. తొంభైల నాటివి జిగురు గీతల మీద ఫొటో పెట్టి పైన ప్లాస్టిక్ పొర కప్పేవి. పాతవే బాగున్నాయి. కొత్తవాటిలో జిగురు పసుపెక్కి ఫొటోలు పేజీని పట్టుకుని వదలడంలేదు. లాగితే చిరుగుతాయి. ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకుని, పళ్ళ సందులు శుభ్రం చేసుకునే సన్నదారాన్ని వెనక దూర్చి, ఓపిగ్గా అటూ ఇటూ ఆడించుకుంటూ కిందికి రావాలి. ఒక్కో ఫొటోకు పావుగంట పెట్టినా తప్పులేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలతో పాటు ఇళ్ళలో ట్రంకుపెట్టెలూ తడిశాయి. చుట్టాల ఆల్బమ్ ఒకటి మా దగ్గరికి ముద్దగా వచ్చింది. అంటుకుపోయిన ఫొటోలను ఎండబెట్టి విడదీద్దామంటే బొమ్మ ఊడి పక్కదానికి వెళ్ళిపోతుంది. ఆరకముందే చల్లటి శుభ్రమైన నీళ్ళలో నాననిచ్చి, వాటంతటవి వదిలాక, బొమ్మ పైకి ఉండేలా నీడన ఆరబెట్టాం. స్టూడియోలో కడిగించిన ఫొటోలు చాలావరకు దక్కాయి. ఇంటి ఇంక్‌జెట్ ప్రింటరులో తీసినవి రంగు కరిగి పోయాయి. పుస్తకంలో పెట్టే ప్రతి ఫొటోనూ ల్యాబులోనే ప్రింటు వేయిస్తున్నది అందుకే.

ఇక అసలు సంగతి. ఈ పుస్తకాలు తీసి చూసేవాళ్ళెవరూ అలంకారం దగ్గర ఆగరు, రాత దగ్గర ఆగుతారు. ఫొటోలో ఎవరున్నారో రాయని పేజీని నేను పూర్తయిన పేజీగా లెక్కపెట్టను. పుష్యమాసం మధ్యాహ్నాల్లో మా పెద్దత్త శాలువా కప్పుకుని వాకిట్లో ఎండలో కూర్చుంటారు, పెట్టె నేను అక్కడికే పట్టుకెళ్తాను. ఒక ఫొటోలో కోటు తొడుక్కుని, కుర్చీ మీద చెయ్యి ఆనించి నిలబడ్డ కుర్రాడున్నాడు. వెనక గీసిన తెర. ఎవరో మా ఆయనకూ తెలియదు, అత్తగారికీ తెలియదు. పెద్దత్త కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "ఈడు మా సిన్న మేనమామే కోడలా. రంగం ఎల్లిపోనాడు. ఎల్లిన కాడినుంచి ఈ ఒక్క బొమ్మే పంపినాడు. ఆ కోటు సూడు, స్టూడియోవోడిదేనట" అన్నారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. పొట్ట చేతపట్టుకుని బర్మా ఓడెక్కినవాళ్ళున్న ఇళ్ళు మన జిల్లాలో ఎన్నో. ఆ మాటలు ఆవిడ నోటివెంట వచ్చినట్టే ఫొటో పక్కన రాశాను. ఎంత ఖరీదైన స్టిక్కరు పెట్టినా ఆ పేజీకి అంత కళ వచ్చేది కాదు.

రాతకు పిగ్మెంట్ ఇంకు పెన్ను, అంటే ఆరాక నీటికి కారని ఇంకు పెన్ను, వాడాలి. జెల్ పెన్నుల్లో కొన్ని నీటికి కారతాయి, కొన్ని కారవు. ముక్క కాగితం మీద రాసి, ఆరాక ఒక నీటిచుక్క వేసి చూస్తే తెలిసిపోతుంది. ఫొటో వెనక మాత్రం మెత్తటి పెన్సిలుతో అంచున రాయండి. బాల్‌పెన్ను నొక్కితే ముందువైపు మొహం మీద గీత తేలుతుంది.

కొన్న పుస్తకాలకు ఒక లోపం ఉంది. ఫొటోలు పెట్టేకొద్దీ వీపు సన్నగా ఉండిపోయి నోరు విచ్చుకుంటుంది. చిట్టా పుస్తకాలు కుట్టే బైండింగు షాపులో దీనికి ఉపాయం ఉంది. ప్రతి పేజీ పక్కన వీపు దగ్గర వేలెడు వెడల్పు పట్టీ కలిపి కుడతారు. ఆ పట్టీల మందం ఫొటోల మందానికి సరిపోయి పుస్తకం సమంగా మూసుకుంటుంది. వీపు గుడ్డకు మేం పొందూరు ఖద్దరు వాడతాం, చిరిగిన పంచెల్లో బాగున్న ముక్కలు. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేసి వడికే నూలు అది, నేత చాలా సన్నం. నేరుగా జిగురు పూస్తే గుడ్డలోంచి ఊరి పైన మచ్చలు పడతాయి. అందుకని గుడ్డకు చిక్కటి గంజి పెట్టి, ఆరాక వెనక పల్చటి కాగితం అంటించి, అది కూడా బిగిశాక అట్టకు ఎక్కించాలి. రెండు రోజుల పని, కానీ పుస్తకం చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్ళూ ముందు ఆ వీపునే నిమురుతారు.

పిల్లలకు వేరే పుస్తకం ఇవ్వండి, పెద్దవాళ్ళ ఫొటోల పుస్తకం కాదు. మా పాప వలస పక్షులు విడిదిచేసే తేలినీలాపురం వెళ్ళొచ్చాక పెలికాన్లను కాగితంతో కోసి, రెక్కలు పొరలు పొరలుగా అంటించింది. కట్టరు మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. చంటిపిల్లలు పాకే ఇంట్లో ఈ పని కొన్నేళ్ళు వాయిదా వేసుకోవడమే మంచిది. తొందరపడేవాళ్ళకూ ఇది సరిపడదు, ఒక పేజీకి ఒక మధ్యాహ్నం పడుతుంది. వానాకాలం పుస్తకాలను గోడకు ఆనకుండా బీరువా పై అరలో పెట్టి, నెలకోసారి ఫ్యాను కింద తెరిచి తిప్పితే చెదలు, బూజు దరిచేరవు.

ఈ ఏడు మొదలుపెట్టేవాళ్ళు భోగికి వారం ముందే అటక ఎక్కండి. మంటలోకని పాత కాగితాల కట్టలు దింపేది అప్పుడే. పోస్టుకార్డులు, మనియార్డరు రసీదులు, ప్రోగ్రెస్ కార్డులు, వెనక పేరు రాసిన ఫొటోలు ఆ కట్టల్లోనే ఉంటాయి. చుట్టుపక్కల ఇళ్ళలో కూడా అడగండి. మా వీధిలో ఇప్పుడు అడగక్కర్లేదు, సంచిలో వేసి వాళ్ళే పంపిస్తున్నారు.